సెట్లో ఖాళీగా కనబడే ఆ వందమంది ఏం చేస్తుంటారు?

రాజమండ్రి దగ్గర గోదావరి గట్టున సినిమా షూటింగ్ జరుగుతుంటే మూడు గంటలు నిలబడి చూశానని మీరు నాకు రాశారు. 120 మంది దాకా ఉన్నారు, కదిలింది పదిమందే, తీసింది రెండు షాట్లు. మిగతావాళ్ళంతా దేనికి అని అడిగారు. డిగ్రీ అయిపోయింది, అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాలనుంది, ముందుగా ఏం తెలుసుకోవాలి అని కూడా అడిగారు.

నేను 22 ఏళ్ళుగా డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. క్లాప్ కొట్టడంతో మొదలుపెట్టి ఇప్పుడు కో-డైరెక్టర్‌గా చేస్తున్నాను. మీరు అడిగిన మాటే మా నాన్న కూడా అడిగారు, మొదటిసారి సెట్ చూడ్డానికి వచ్చినప్పుడు. ఆయన తాపీమేస్త్రి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓ మూల కూర్చుని చూసి, "వీళ్ళలో సగం మందిని ఇంటికి పంపిస్తే పని ఇంకా తొందరగా అవుతుంది కదరా" అన్నారు. ఆరోజు ఆయనకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. స్లాబ్ వేసేరోజు అందరి చేతులూ ఒకేసారి ఆడతాయి. ఒకళ్ళు కంకర అందిస్తారు, ఒకళ్ళు మిక్సర్ తిప్పుతారు, ఒకళ్ళు సర్దుతారు. సెట్ మీద పని అలా నడవదు. ఇక్కడ ఒకరు పూర్తి చేసి పక్కకి తప్పుకుంటే గానీ ఇంకొకరు చెయ్యి పెట్టలేరు. లైట్‌మన్ లైటు సర్దుతున్నంతసేపూ ఫోకస్ పుల్లర్‌కి (బొమ్మ మసకబారకుండా లెన్స్ సర్దే మనిషికి) పని లేదు. ఫోకస్ పుల్లర్ టేపు పట్టుకుని కొలుస్తున్నంతసేపూ మేకప్‌మన్‌కి పని లేదు. మేకప్‌మన్ చెమట అద్దుతున్నప్పుడు కెమెరా వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. తన వంతు ఎప్పుడొస్తుందో ఎవరికీ ముందు తెలియదు, వచ్చినప్పుడు మాత్రం ఆ క్షణంలో అక్కడ ఉండాలి. ఆ క్షణంలో అతను లేకపోతే మిగతా 119 మంది అతని కోసం ఆగిపోతారు. మీరు చూసిన ఖాళీ అదన్నమాట. వాళ్ళ జీతం అలా సిద్ధంగా ఉండటానికే.

మీరు గట్టు మీద చూసిన దాన్నే తీసుకుని చెప్తాను. ఆరుబయట షూటింగ్‌లో అసలు యజమాని సూర్యుడు. ఒక సీన్‌లో మొదటి షాట్ ఎండలో తీశామంటే ఆ సీన్ అంతా అదే ఎండలో ఉండాలి. మధ్యలో మబ్బు అడ్డొస్తే ఆగడం తప్ప దారి లేదు. కెమెరామన్ మెడలో వేలాడే నల్లటి గాజుబిళ్ళ కళ్ళకి పెట్టుకుని ఆకాశంలోకి చూడటం మీరు గమనించే ఉంటారు. మబ్బు ఎటు కదులుతోంది, సూర్యుడు ఎంతసేపట్లో బయటికొస్తాడు అని చూడటానికే అది. ఆ అరగంటా డైరెక్టర్‌తో సహా అందరూ ఖాళీయే. కానీ ఎండ వచ్చిన పది సెకన్లలో "రోల్" అనాలి, ఎందుకంటే వెనకాల ఇంకో మబ్బు ఉంటుంది.

నలుగురు మనుషులు నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డ పెద్ద తెల్ల గుడ్డ ఉంటుంది చూడండి, దాన్ని మేము స్కిమ్మర్ అంటాం. నడినెత్తి ఎండలో మనిషి కళ్ళకింద, ముక్కుకింద నల్లటి నీడలు పడతాయి. ఆ గుడ్డ వెలుగుని మెత్తబరిచి ముఖం మీదికి దించుతుంది. తెల్లటి థర్మకోల్ షీట్ పట్టుకున్నవాళ్ళు ముఖానికి రెండోవైపు వెలుగు తిరగేసి కొడతారు. నల్ల కట్టర్ పట్టుకున్నవాళ్ళు అక్కర్లేని వెలుగుని ఆపుతారు. గోదావరి మీద గాలి మీకు తెలుసు కదా. 20 అడుగుల గుడ్డని ఆ గాలిలో పట్టుకోవడం అంటే తెరచాప పట్టుకోవడమే. తాడు వదిలారంటే కింద నిలబడ్డ ఆర్టిస్ట్ మీద ఇనప ఫ్రేము పడుతుంది. "వాళ్ళేం చేస్తున్నారు, ఊరికే గుడ్డ పట్టుకున్నారు" అని జనం అంటుంటే నాకు ప్రతిసారీ బాధేస్తుంది.

ఇక రోజు ఎలా మొదలవుతుందో చెప్తాను. అది ముందురోజు రాత్రే మొదలవుతుంది. ప్యాకప్ చెప్పాక డైరెక్టర్, కెమెరామన్‌తో కూర్చుని రేపటి షీట్ నేను తయారుచేస్తాను. ఏ సీన్ నంబర్లు, ఏ ఆర్టిస్ట్ ఎన్ని గంటలకి, ఎవరికి ఏ కాస్ట్యూమ్, సీన్‌లో ఏ వస్తువులు కావాలి, క్రేన్ కావాలా, జిమ్మీ (కెమెరాని చివర బిగించి గాల్లో తిప్పే పొడుగాటి చెయ్యి) కావాలా, జూనియర్ ఆర్టిస్టులు ఎంతమంది, ఏ గెటప్‌లో. నేను చేరిన కొత్తలో రాత్రి పదకొండు దాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నారు. నేను మాత్రం ముఖ్యమైన వాళ్ళకి ఇప్పటికీ ఫోన్ చేస్తాను. మెసేజ్ చూశారని టిక్కు పడినంత మాత్రాన చదివారని కాదు.

ఆ షీట్ ప్రొడక్షన్ మేనేజర్ చేతికి వెళ్ళాక అదే కార్లు, భోజనాలు, డబ్బు అయిపోతుంది. "పెళ్ళి గెటప్, 40 మంది, అందులో ఆడవాళ్ళు 15" అని ఏజెంట్‌కి చెప్తే, తెల్లవారకముందే హైదరాబాద్ కృష్ణానగర్‌లో వాళ్ళంతా బండి ఎక్కాలి. ప్రొడక్షన్ మెస్‌లో అంతకన్నా ముందే పొయ్యిలు వెలుగుతాయి. తొమ్మిదింటి కాల్షీట్ అయితే ఆరున్నరకల్లా యూనిట్ లారీ, జనరేటర్ లొకేషన్‌లో ఉంటాయి. యూనిట్ అంటే లైట్లూ కేబుళ్ళూ స్టాండ్లూ, వాటితోపాటు వచ్చే లైట్‌మెన్. జనరేటర్‌ని దూరంగా పెట్టి కేబుల్ లాగుతారు, దాని మోత సౌండ్‌లో పడకూడదని. అదే సమయంలో కాస్ట్యూమర్ ఇస్త్రీపెట్టె వేడెక్కిస్తూ ఉంటాడు. ఫైటు గానీ వాన గానీ ఉంటే ఒకే చొక్కా మూడు నాలుగు జతలు తెచ్చుకుంటాడు, తడిసింది ఆరేదాకా ఎవరూ ఆగరు కాబట్టి.

సినిమాల మీద వచ్చే ఇంగ్లీషు పుస్తకాలు చదివారంటే ఫస్ట్ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్), సెకండ్ ఏడీ అని కనబడతాయి. మన దగ్గర వరస వేరు. కో-డైరెక్టర్, ఆ కింద అసోసియేట్, ఆ తర్వాత అసిస్టెంట్లు, చివర అప్రెంటిస్. సెట్‌ని నడిపించేది, "షాట్ రెడీ" అని గొంతెత్తి చెప్పేది, ఆర్టిస్ట్‌ని కారవాన్‌లోంచి పిలిపించేది కో-డైరెక్టర్ పని. కథ వరసలో ఎందుకు తియ్యరు అన్న ప్రశ్నకి జవాబు కూడా కో-డైరెక్టర్ చార్టులోనే ఉంటుంది. మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ వినబడే మాట "కాంబినేషన్". ఒక సీన్‌లో ఐదుగురు పేరున్న ఆర్టిస్టులు ఉంటే ఆ ఐదుగురి డేట్లూ కలిసే రోజు నెలలో ఒకటో రెండో ఉంటాయి. ఆ రోజుకి లొకేషన్, సెట్, వాతావరణం అన్నీ కుదరాలి. అందుకే సినిమాలో చివరికి వచ్చే చావు సీన్ మొదటి షెడ్యూల్‌లో తీసేసి, ప్రేమ మొదలయ్యే సీన్ ఆఖరి షెడ్యూల్‌లో తీస్తుంటాం.

ఒకే సీన్‌లో కూడా వరస ఉండదు. దీన్ని కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే సెట్లో పని ఇది అర్థమైతే సగం అర్థమైనట్టే. హాల్లో తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీన్ అనుకోండి. మూడు నిమిషాల సీన్. ముందు ఇద్దరూ కనబడేలా మాస్టర్ షాట్ తీస్తాం. తర్వాత తండ్రివైపు కెమెరా పెట్టి, కూతురి భుజం మీదుగా సజెషన్, ఆ తర్వాత తండ్రి క్లోజ్, అతను చెప్పే డైలాగులు మొదటి నుంచి చివరిదాకా అన్నీ అటువైపే పూర్తిచేస్తాం. ఆ తర్వాతే కెమెరా తిరుగుతుంది. తిరగడం అంటే కెమెరా ఒక్కటీ తిరిగితే సరిపోదు. ఇప్పటిదాకా కెమెరా వెనకాల ఉన్న గోడ ఇప్పుడు ఫ్రేములోకి వస్తుంది. అక్కడున్న లైట్లు, స్టాండ్లు, మానిటర్, కుర్చీలు, టీ కెటిల్‌తో సహా అన్నీ ఎత్తి రెండోవైపు పెట్టాలి. ఆర్ట్ అసిస్టెంట్లు ఆ గోడకి ఫొటోలు తగిలించాలి. లైటింగ్ మళ్ళీ మొదటి నుంచి. గంట, గంటన్నర పడుతుంది. ప్రతి డైలాగ్‌కీ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే ఆ మూడు నిమిషాల సీన్ వారం పడుతుంది.

అంటే ఏమిటి? తండ్రి పొద్దున పదింటికి "నువ్వు నా కూతురివే కాదు" అంటాడు. ఆ మాట విని కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగేది మధ్యాహ్నం రెండున్నరకి. ఈలోగా తండ్రి వేషం వేసినాయన వేరే షూటింగ్‌కి వెళ్ళిపోయి ఉండొచ్చు. అప్పుడు కెమెరా పక్కన నిలబడి ఆ డైలాగ్ చెప్పేది అసిస్టెంట్ డైరెక్టర్. లెన్స్ పక్కన పిడికిలి పెట్టి "లుక్ ఇక్కడ" అని చూపిస్తాడు. ఆ అమ్మాయి ఆ పిడికిలిని చూస్తూ ఏడుస్తుంది. ఆ డైలాగ్‌ని మీరు రేషన్ లిస్టు చదివినట్టు చదివితే ఆమెకి ఏడుపు రాదు. తండ్రి ఎంత ఆగి చెప్పాడో, ఎక్కడ గొంతు పెంచాడో గుర్తుపెట్టుకుని అలాగే చెప్పాలి. మీరు అసిస్టెంట్‌గా చేరితే చెయ్యాల్సిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తెర మీద మీరు కనబడరు, మీ గొంతు వినబడదు, కానీ ఆ కన్నీళ్ళలో మీ వాటా ఉంటుంది.

ప్రాంప్టింగ్ కూడా ఇలాంటిదే. తెలుగు రాని ఆర్టిస్టులకి డైలాగ్ ముందుగా వాళ్ళకి తెలిసిన లిపిలో రాసిచ్చి, అర్థం చెప్పి, పలకడం నేర్పి, షాట్‌లో పక్క నుంచి ముక్కలు ముక్కలుగా అందించాలి. మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పే సినిమా అయితే మీ గొంతు పైలట్ ట్రాక్‌లో (డబ్బింగ్‌కి ఆధారంగా సెట్లో రికార్డు చేసేదాంట్లో) పడ్డా ఫర్వాలేదు. సింక్ సౌండ్, అంటే సెట్లో రికార్డయిన మాటే సినిమాలో వాడేది అయితే మాత్రం వాళ్ళ మాట మీద మీ మాట పడకూడదు. ఆ సందు పట్టుకోవడం సాధనతో వస్తుంది.

ఇప్పుడు కంటిన్యూటీ. రెండు షాట్ల మధ్య నాలుగు గంటలో నలభై రోజులో తేడా ఉండొచ్చు, తెర మీద అవి పక్కపక్కనే వస్తాయి. గ్లాసు ఏ చేతిలో ఉంది, ఏ మాట దగ్గర కింద పెట్టాడు, అందులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, పైట ఏ భుజం మీద ఎలా పడింది, మంగళసూత్రం లోపలుందా బయటుందా, చొక్కా చెయ్యి ఎన్ని మడతలు, చెమట ఎంత. వీటన్నిటికీ జవాబుదారీ మీరే. ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీస్తున్నారు, మంచిదే. కానీ ఫొటోలో కదలిక ఉండదు. ఏ మాట మీద చెయ్యి లేచిందో పేపర్ మీద, ఆ డైలాగ్ కిందే రాసుకోవాలి.

నా రెండో సినిమాలో నేను చేసిన తప్పు చెప్తాను. హీరో ఆసుపత్రి నుంచి బయటికి నడిచొచ్చే షాట్ ముందే ఒక ఊళ్ళో తీసేశాం, ఎడమ చేతికి కట్టు. 20 రోజుల తర్వాత సెట్‌లో ఆసుపత్రి గది తీశాం. అద్దంలో చూసుకునే షాట్ ఒకటి ఉంది, ఆ తికమకలో కట్టు కుడి చేతికి కట్టించాను. నోట్స్‌లో "చేతికి కట్టు" అని రాసుకున్నాను, ఏ చేతికో రాసుకోలేదు. ఎడిటింగ్‌లో బయటపడింది. అప్పటికి సెట్ పీకేశారు. ఒక గోడ, ఒక మంచం మళ్ళీ వేసి, ఆ ఆర్టిస్ట్ సగం రోజు ఇస్తే తిరిగి తీశాం. డైరెక్టర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లైట్‌మెన్ మళ్ళీ అవే లైట్లు మోస్తుంటే చూడలేకపోయాను. ఆరోజు నుంచి ఎడమ, కుడి అన్న మాటలు రాయకుండా నేను ఒక్క నోట్ కూడా ముగించలేదు.

కెమెరా డిపార్ట్‌మెంట్ గురించి. కెమెరామన్ లైటింగ్ ఆలోచిస్తాడు, ఫ్రేము పెట్టేది చాలాసార్లు ఆపరేటివ్ కెమెరామన్. వాళ్ళ పక్కన మీరు ఎక్కువగా పట్టించుకోని మనిషి ఫోకస్ పుల్లర్. 85 ఎంఎం లెన్స్‌ని 1.4 మీద, అంటే వెలుగొచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, రెండు మీటర్ల దూరంలో ఉన్న ముఖాన్ని తీస్తుంటే, స్పష్టంగా కనబడే లోతు నాలుగైదు సెంటీమీటర్లకి మించదు. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. ఆర్టిస్ట్ ఒక అరడుగు ముందుకి వంగాడంటే ఆ క్షణంలోనే రింగు తిప్పాలి. అందుకే నేల మీద మార్కులు, అందుకే టేపు కొలతలు. ఆర్టిస్ట్ బ్రహ్మాండంగా చేసిన టేక్ ఫోకస్ పోయిందంటే, మళ్ళీ ఆ నటన వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫోకస్ పుల్లర్ షాట్ లేనప్పుడు మౌనంగా కూర్చుంటే పలకరించకండి.

లైటింగ్ జరుగుతున్నంతసేపూ ఆర్టిస్ట్‌ని నిలబెట్టరు. ఆ జాగాలో ఒక అసిస్టెంట్‌ని నిలబెడతారు, హీరో ఎత్తున్నవాణ్ణి చూసి. మొదటి ఏడాది నేను రోజుకి రెండు గంటలు అలా నిలబడేవాణ్ణి. అక్కడ నిలబడితేనే ఏ లైటు ఎందుకు పెడుతున్నారో ఒంటి మీద తెలుస్తుంది. ఆ అవకాశం వస్తే వదులుకోకండి.

లైట్‌మెన్ పని మీద రెండు మాటలు. పగటి ఎండకి సాటిగా వాడే పెద్ద హెచ్‌ఎంఐ లైట్లు ఆర్పిన వెంటనే మళ్ళీ వెలగకపోవచ్చు, వేడి తగ్గాలి. వెలిగించాక కూడా పూర్తి వెలుగుకి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆర్పకుండా ఉంచి, పక్కనే మనిషి కాపలా ఉంటాడు. మీకు ఖాళీగా కనబడేది అతనే. స్టూడియో ఫ్లోర్‌లో అయితే పైన కట్టిన చెక్కల మీద, ఆ వేడిలో గంటల తరబడి కూర్చుంటారు. ఒకసారి ఒక లొకేషన్‌లో ఇసకమూటలు తక్కువొచ్చాయి, తెప్పించండి అని చీఫ్ లైట్‌మన్ రెండుసార్లు అడిగాడు. తెచ్చేలోగా గాలికి స్టాండ్ ఒరిగింది. కింద నిలబడ్డ కుర్రాడి భుజం విరిగింది. ఆరు నెలలు పనికి రాలేకపోయాడు. రోజుకూలీ మనిషికి ఆరు నెలలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి స్టాండ్ల కాళ్ళ మీద ఇసకమూటలు లేకుండా నేను "షాట్ రెడీ" అనను. తొందరపెట్టినా అనను. ఫైట్ సీన్లో రోప్‌లు కూడా అంతే. రోప్ మాస్టర్ స్వయంగా లాగి చూసి తల ఊపాకే యాక్షన్.

షాట్ జరిగే క్రమం మాత్రం మీరు విన్నదే. "సైలెన్స్", "రోల్ సౌండ్", "రోల్ కెమెరా", క్లాప్, "యాక్షన్", "కట్". సౌండ్, కెమెరా వేరు వేరు యంత్రాల్లో రికార్డవుతాయి. ఆ చెక్క కొట్టుకున్న ఫ్రేము, ఆ టక్కుమన్న శబ్దం రెండూ కలిపితే ఎడిటింగ్‌లో మాటా పెదవీ కలుస్తాయి. సీన్, షాట్, టేక్ నంబర్లు గట్టిగా స్పష్టంగా చెప్పాలి, ఆర్టిస్ట్ ముఖం మీద కొట్టకూడదు, ఏడుపు సీన్ అయితే మెత్తగా కొట్టాలి, కొట్టాక చప్పుడు చెయ్యకుండా ఫ్రేములోంచి తప్పుకోవాలి. మొదట్లో కొట్టడం కుదరకపోతే షాట్ చివర్లో బోర్డు తలకిందులుగా పట్టి కొడతాం, అది ఎండ్ క్లాప్ అని ఎడిటర్‌కి గుర్తు. ఏ టేక్ ఓకే, ఏది ఎన్‌జీ (పనికిరానిది) అన్నది రిపోర్ట్‌లో రాసి పంపాలి. ఫిల్మ్ ఉన్న రోజుల్లో వెయ్యి అడుగుల రోల్ 11 నిమిషాలే వచ్చేది. ప్రతి టేక్‌కీ డబ్బు లెక్క ఉండేది, అందుకని రిహార్సల్ ఎక్కువ ఉండేది. ఇప్పుడు కార్డు మీద ఎంతైనా తీసుకోవచ్చు, రిహార్సల్ తగ్గింది. ఇది నష్టమనే నా అభిప్రాయం.

కార్డు తీశాక అది డేటా చూసుకునే మనిషి దగ్గరికి వెళ్తుంది. అతను ఒక నీడలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు, రోజంతా. మూడు డిస్కుల్లోకి కాపీ చేసి, అన్నీ అసలుతో సరిపోయాయని చూశాకే ఆ కార్డు చెరపాలి. ఆ డిస్కులు మూడూ ఒకే కారులో పంపరు. వందమంది చెమటా ఆ డబ్బాలోనే ఉంటుంది.

పాటల షూటింగ్‌లో ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. పాట వినిపించే ఏర్పాటుని మా వాళ్ళు ఇప్పటికీ నాగరా అనే అంటారు. ఒకప్పుడు వాడిన స్విట్జర్లాండ్ టేప్ రికార్డర్ నాగ్రా పేరు అలా నిలిచిపోయింది. యంత్రం పోయి లాప్‌టాప్ వచ్చినా పేరు పోలేదు. స్లోమోషన్‌లో పెదవులు కదిలే బిట్ ఉందనుకోండి, కెమెరా సెకనుకి 48 ఫ్రేములు తీస్తుంది, తెర మీద 24 ఫ్రేములతో నడుస్తుంది. అంటే సెట్‌లో పాటని రెట్టింపు వేగంతో వెయ్యాలి, ఆర్టిస్ట్ ఆ వేగంలోనే పెదవులు కలపాలి. బయటి నుంచి చూసేవాళ్ళకి అది ఏదో గోలలా వినబడుతుంది. తెర మీద చూస్తే పెదవులు పాటతో సరిగ్గా కలుస్తాయి, నడక మాత్రం మెల్లగా సాగుతుంది.

జూనియర్ ఆర్టిస్టుల గురించి కూడా అడిగారు, "అంతమంది ఊరికే కూర్చున్నారు" అని. పెళ్ళి సీన్‌లో క్లోజ్‌లు తీస్తున్నంతసేపూ వాళ్ళు కనబడరు, నిజమే. కానీ కెమెరా ఎప్పుడు తిరిగినా రెండో వరసలో ఎర్ర చీర ఆవిడ ఆ కుర్చీలోనే ఉండాలి. సింక్ సౌండ్ అయితే వాళ్ళు మాట్లాడుతున్నట్టు, నవ్వుతున్నట్టు కనబడాలి గానీ చప్పుడు రాకూడదు. చప్పుడు లేకుండా నవ్వడం మీరొకసారి అద్దం ముందు ప్రయత్నించండి. తెల్లవారుజామున బండెక్కిన ఆడవాళ్ళకి లొకేషన్‌లో బాత్రూమ్ ఉందా, నీడ ఉందా అన్నది చాలా కంపెనీలు ఆఖర్న ఆలోచిస్తాయి. నేను షీట్‌లో మొదటి పేజీలోనే రాస్తాను.

ప్రొడక్షన్ బాయ్స్ లేకపోతే ఏ సెట్టూ మధ్యాహ్నం పన్నెండు దాటి నడవదు. పొద్దున ఇడ్లీ, పొంగల్ దగ్గర్నుంచి రాత్రి ఆఖరి టీ దాకా, వంద మందిలో ఎవరికి షుగర్, ఎవరు అల్లం టీ తాగుతారో వాళ్ళకి నోటికొచ్చు. షాట్ నడుస్తున్నప్పుడు స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా పట్టుకుని కదలకుండా నిలబడే కుర్రాణ్ణి చూశారా? సౌండ్ రికార్డిస్ట్ ఆఖర్న "రూమ్ టోన్" అని అడిగినప్పుడు, ముప్ఫై సెకన్లు సెట్ అంతా ఊపిరి బిగబట్టినట్టు నిలబడుతుంది. ఫ్యాన్లు ఆగుతాయి. ఎవరూ కదలరు. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు వెయ్యడానికి ఆ నిశ్శబ్దం పనికొస్తుంది. ఈ పనిలో నాకు దేవుడి గుళ్ళో నిలబడ్డట్టు అనిపించేది ఆ అర నిమిషమే.

డబ్బు సంగతి దాచను. సినిమా కార్మికుల ఫెడరేషన్ కింద ఉన్న యూనియన్లకి నిర్మాతలతో ఒప్పందం ప్రకారం కూలి రేట్లు ఉంటాయి. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు అడిగి 18 రోజులు షూటింగులు ఆపారు, చివరికి మూడేళ్ళలో విడతలవారీగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. సాయంత్రం దాటి పనిచేస్తే అదనం లెక్క కడతారు, బేటా (రోజు ఖర్చులకిచ్చే డబ్బు) వేరే. అసిస్టెంట్ డైరెక్టర్లకి అలా కాదు. నెల జీతమో, సినిమాకి ఇంత అనో మాట్లాడుకుంటారు, ఆలస్యాలు మామూలు. ఒక కంపెనీలో నాకు నాలుగు నెలల డబ్బు రాలేదు, నా దగ్గర కాగితం ముక్క లేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. మీరు కనీసం ఒక మెసేజ్‌లోనైనా ఎంత, ఎప్పుడెప్పుడు అన్నది రాయించుకోండి. చేర్పిస్తామని ముందు డబ్బులడిగే "కోఆర్డినేటర్" ఎవరైనా సరే, మోసగాడని అనుకోండి. అసిస్టెంట్‌గా తీసుకునేది డైరెక్టర్, ఆయన మీ దగ్గర డబ్బు తీసుకోరు.

చేరేముందు ఏం నేర్చుకోవాలి అంటే, ఎడిటింగ్ నేర్చుకోండి. లాప్‌టాప్ మీద నేర్చుకున్నా చాలు. రెండు షాట్లు ఎందుకు కలుస్తాయో, ఎందుకు కలవవో చేత్తో అతికించి చూసినవాడికి లుక్, కంటిన్యూటీ విడిగా నేర్పక్కర్లేదు. తెలుగు తప్పుల్లేకుండా వేగంగా రాయడం రావాలి, షాట్ గ్యాప్‌లో డైలాగ్ మారితే మీరే తిరగరాసి ఇవ్వాలి. ఒక సీన్ పేపర్ తీసుకుని అందులో ఎన్ని వస్తువులు, ఎంతమంది మనుషులు, ఏ పూట అని లిస్టు రాయడం ఇంట్లోనే సాధన చెయ్యండి. లఘుచిత్రం తీసే స్నేహితులుంటే క్లాప్ నుంచి టీ దాకా అన్నీ చేసి చూడండి. చదువుకుని రావాలనుకుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీ ఉంది. చదవకుండా వచ్చినవాళ్ళే మా సెట్లలో ఎక్కువ, నేనూ అలా వచ్చినవాణ్ణే.

మొదటి రోజు చిన్న పుస్తకం, రెండు పెన్నులు, టార్చి, మంచినీళ్ళ సీసా పెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో కాదు, స్విచాఫ్ చెయ్యండి. చెప్పులు వద్దు, గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, నేలంతా కరెంటు కేబుళ్ళు ఉంటాయి. ఎవరి కుర్చీలోనూ కూర్చోకండి. లైట్‌మన్ "తప్పుకో" అని అరిస్తే ఎందుకని వెనక్కి తిరిగి చూడొద్దు, ముందు పక్కకి జరగండి.